కొలిమి ముందు నిలిచిన క్రీడాకారుడు: యూజేన్ క్రిస్టోఫ్

కళాశాల వార్షిక సంచికలో ప్రసిద్ధుల జీవితములను గురించి వ్రాయుట మన ఆనవాయితీ. అట్లు వ్రాయునప్పుడు సాధారణముగా రాజ్యములు గెలిచినవారిని, గ్రంథములు రచించినవారిని, పెద్ద బహుమతులు పొందినవారిని ఎన్నుకొనుచుంటాము. ఈ సంవత్సరము మేము ఎన్నుకొన్న వ్యక్తి ఈ మూడు కోవలలో దేనికిని చెందడు. అతడు ఫ్రాన్సు దేశపు సైకిలు పందెగాడు. తన దేశములో జరుగు అతి పెద్ద పందెమును ఒక్కసారి కూడ గెలువలేదు. అయినను ఆ పందెమును గెలిచిన అనేకుల పేర్లు మరుగున పడినవి; అతని పేరు మాత్రము నేటికిని నిలిచియున్నది. అందులకు కారణము ఒక విరిగిన ఉక్కు ముక్క, దానిని తన చేతులతోనే అతికించుకొనుటకు అతడు ఒక కొండ పల్లెలోని కొలిమి ముందు గడిపిన కొన్ని గంటలు.

అతనిని గురించి వ్రాయవలెనను తలపు మాకు ఒక చిన్న సంఘటన వలన కలిగినది. కొంతకాలము క్రిందట మేము మా పాత కారును మా ఇంటి గేటు స్తంభమునకే తగిలించాము. ఎవరికిని దెబ్బ తగులలేదు. ముందు బంపరు లోపలికి నొక్కుకొనిపోయినది. ఒక దీపపు అద్దము పగిలినది. బానెట్టు సరిగా మూతపడలేదు. ఈమాత్రము పనికి మెకానిక్కు ఎందుకను ధీమాతో ఒక ఆదివారము స్పానర్లు, కొయ్యసుత్తి ముందు వేసికొని మేమే కూర్చున్నాము. సాయంకాలమునకు బంపరు వంపు చాలవరకు తీరినది, దీపము మారినది, మా గర్వమునకు హద్దు లేకపోయినది. మరునాడు వీధి చివరి మెకానిక్కు భాయి బండిని ఒకసారి చుట్టి చూచి, లెక్చరర్ సాబు బాగుచేసినది కంటికి కనబడు భాగమును మాత్రమేనని నవ్వుచు చెప్పాడు. బండి ముందు భాగమునకు దెబ్బ తగిలినప్పుడు మొదట చూడవలసినది బంపరు కాదట. తిన్నని రోడ్డుపై బండి సూటిగా పోవుచున్నదా, ఒక ప్రక్కకు లాగుచున్నదా, రేడియేటరు కారుచున్నదా అన్నవి మొదట చూడవలెనట. రేకు వంగిన బండి ఎట్లో నడచును. దారి మళ్ళించు భాగము చెడిన బండి నడువదు, నడచినను ప్రాణాపాయము. ఆ మాట వినగానే మాకు క్రిస్టోఫ్ జ్ఞాపకము వచ్చాడు. అతని జీవితమంతయు ఈ ఒక్క సూత్రము చుట్టును తిరిగినది.

యూజేన్ క్రిస్టోఫ్ 1885 జనవరి 22వ తేదీన పారిస్ నగరమునకు ఆనుకొనియున్న మలకోఫ్‌లో జన్మించాడు. సైకిలు పందెములలో ప్రవేశింపక పూర్వము అతడు తాళముల పనివాడు. ఈ సంగతిని విద్యార్థులు మనస్సున ఉంచుకొనవలెను. తాళము పని చూచుటకు చిన్నదే కాని అందులో చేతికి, కంటికి గొప్ప శిక్షణ కలదు. తాళపుచెవి వెంట్రుకవాసి లావైనను తాళము తెరచుకొనదు. వెంట్రుకవాసి సన్నమైనను తిరుగదు. ఇనుమును కాల్చుట, సాగగొట్టుట, ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయుట, ఒక ముక్కను ఇంకొక ముక్కలో వదులు లేకుండ ఇముడునట్లు చేయుట ఈ వృత్తికి అక్షరాభ్యాసము వంటివి. ఆ యువకుడు ఈ అక్షరములు నేర్చి, సైకిలెక్కి పందెములకు పోయాడు. నేర్చిన పని ఇక అక్కరకు రాదని అతడు అనుకొని ఉండవచ్చును.

ఆనాటి పందెములను గురించి కొంత చెప్పినగాని తరువాతి కథ బోధపడదు. ఆన్రి దెగ్రాంజ్ అను సంపాదకుడు పసుపుపచ్చని కాగితముపై అచ్చగు లోతో అను క్రీడాపత్రికను నడుపుచుండెను. ఆ పత్రిక అమ్మకమును పెంచుటకై 1903లో ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు సైకిలు పందెమును ఏర్పాటుచేశాడు. అదియే టూర్ ద ఫ్రాన్స్. నేటి వలె నున్నని రోడ్లు, తేలికైన సైకిళ్ళు, వెనుక బండిలో వచ్చు మెకానిక్కులు అప్పుడు లేరు. ఒక్కొక్క రోజు ప్రయాణము మూడు నాలుగు వందల కిలోమీటర్లు ఉండెడిది. తెల్లవారకముందే చీకటిలో బయలుదేరి, మన్ను, గులకరాళ్ళు నిండిన కొండదారులు ఎక్కి, మరల చీకటి పడువేళకు చేరువారు. విడి టైర్లను భుజములకు చుట్టుకొని త్రొక్కువారు.

వీటన్నిటికంటె కఠినమైనది నిబంధనావళి. పందెగానికి దారిలో ఎవరును సాయము చేయరాదు. ఏది చెడినను అతడే బాగుచేసికొనవలెను. క్రొత్త సైకిలు తీసికొనరాదు. మనుష్యుడు ఒంటరిగా ఎంత చేయగలడో లోకమునకు చూపవలెనని దెగ్రాంజ్ పట్టుదల. ఈ ఆలోచనలో ఒక ఘనత కలదు; ఒక కాఠిన్యము కూడ కలదు. ఆ రెండింటిని పూర్తిగా అనుభవించినవాడు క్రిస్టోఫ్.

అతడు ఈ పందెమున మొదటిసారి 1906లో పాల్గొని తొమ్మిదవ స్థానము పొందాడు. గుబురు మీసములతో, పొంకమైన దేహముతో ఉండు అతనికి ప్రజలు ముద్దుపేర్లు పెట్టారు. ముసలి గాల్ వీరుడని కొందరు పిలిచేవారు. సైక్లోక్రాస్ అను మరియొక పోటీలో అతడు సాటిలేనివాడు. పొలములలో, బురదలో, గట్లపై సాగు ఆ పోటీలో త్రొక్కుటకు వీలులేని చోట సైకిలును భుజమునకెత్తుకొని పరుగెత్తవలెను. 1909 నుండి 1914 వరకు వరుసగా ఆరుమారులు, మరల 1921లో ఒకమారు, మొత్తము ఏడు పర్యాయములు అతడు ఇందులో ఫ్రాన్సు దేశపు విజేతగా నిలిచాడు. సైకిలును మోయుట కూడ అతడు ఈ విధముగా నేర్చాడు. ఈ విద్య కూడ ఒకనాడు అక్కరకు వచ్చినది.

1910 ఏప్రిల్ నెలలో ఇటలీ దేశమున మిలాన్ నుండి శాన్ రెమో వరకు జరిగిన పందెము అతని ఓర్పునకు మొదటి పెద్ద పరీక్ష. దూరము సుమారు 290 కిలోమీటర్లు. ఆ రోజున తుర్కీనో కనుమపై మంచు కురిసి దారి కప్పబడినది. చేతివ్రేళ్ళు కొంకర్లుపోయి, కాళ్ళు మొద్దుబారి క్రిస్టోఫ్ దారిప్రక్కన నిలిచిపోయాడు. సమీపమున ఉన్న ఒక సత్రపు యజమాని అతనిని లోనికి తీసికొనిపోయి, తడిబట్టలు విప్పించి, కంబళి కప్పి వెచ్చదనము కలిగించాడు. అరగంట అయినను కాకముందే అతడు బయటకు వచ్చి మరల సైకిలెక్కాడు. పన్నెండు గంటలకు పైగా త్రొక్కి శాన్ రెమో చేరినప్పుడు తానే మొదటివాడని తెలిసినది. అరువదిమందికి పైగా బయలుదేరిన ఆ పందెమున చివరకు లెక్కకు వచ్చినవారు నలుగురే. కాని ఆ గెలుపునకు అతడు చెల్లించిన మూల్యము అధికము. సుమారు నెల రోజులు ఆసుపత్రిలో ఉండవలసివచ్చినది. పూర్వపు ఆరోగ్యము చేకూరుటకు రెండేండ్లు పట్టినది.

1912లో టూర్ ద ఫ్రాన్స్‌లో వరుసగా మూడు రోజుల ప్రయాణములను గెలిచి అతడు తన బలమును చాటాడు. కాని ఆనాడు విజేతను నిర్ణయించునది గడియారము కాదు, ప్రతిరోజు పొందిన స్థానమును బట్టి వేయు అంకెల లెక్క. ఆ లెక్కలో బెల్జియము వాడైన ఒదీల్ దెఫ్రాయ్ మొదటివాడైనాడు, క్రిస్టోఫ్ రెండవవాడైనాడు. మరుసటి సంవత్సరము నుండి పందెమును మరల సమయమును బట్టియే నిర్ణయింపసాగారు. ఇక తనకు ఎదురులేదని క్రిస్టోఫ్ తలచుటలో వింత లేదు.

1913 జూలై 9వ తేదీ. బయోన్ నుండి లుషోన్ వరకు 326 కిలోమీటర్ల ప్రయాణము. పిరనీస్ పర్వతములలోని పెద్ద కనుమలను ఒకదాని తరువాత ఒకటి దాటవలెను. ముందున్న దెఫ్రాయ్ ఆనాడు డీలాపడి పందెము నుండి విరమించుకొన్నాడు. రెండువేల నూరు మీటర్లకు పైగా ఎత్తున్న టూర్మలే కనుమ పైకి క్రిస్టోఫ్ తన జట్టువాడే అయిన ఫిలిప్ తీస్ వెనుకనే చేరాడు. మొత్తము లెక్కలో పందెము ఇంచుమించు అతని చేతికి వచ్చినది. ఇక దిగుట మాత్రమే.

ఆ దిగుటలో, లోయలోని సెంట్ మరీ ద కాంపాన్ గ్రామము ఇంకను పది కిలోమీటర్లకు పైగా ఉన్నదనగా, సైకిలు ముందు ఫోర్కు విరిగినది. పందెము వెంట వచ్చు ఒక కారు అతనికి తగిలినదని కొందరు వ్రాశారు. హ్యాండిలు హఠాత్తుగా తన మాట వినకుండ పోయినదని, బ్రేకులు వేసి నిలిచి చూడగా ఫోర్కు విరిగియున్నదని అతడు తరువాతి కాలమున చెప్పుకొన్నాడు. ఆ రోజులలో ఆ సంగతి బయట పెట్టలేదట. సైకిలు తయారుచేసిన సంస్థకు చెడ్డపేరు వచ్చునని సంకోచించాడట. సర్వమును పోగొట్టుకొన్న సమయములో కూడ తనకు జీతమిచ్చు యజమాని పేరు కాపాడవలెనని తలచిన మనిషి అతడు.

సైకిలు ఎక్కు విద్యార్థులకు ఫోర్కు అనగా వేరుగా చెప్పనక్కరలేదు. ముందు చక్రమును రెండు కాళ్ళ మధ్య పట్టి ఉంచి, పైన గొట్టము ద్వారా హ్యాండిలుతో కలియు భాగమది. బరువును మోయునది అదియే. దారిని మళ్ళించునది అదియే. గుంతలో పడినను, గోడకు తగిలినను మొదటి దెబ్బ తినునది అదియే. సీటు విరిగిన నిలుచుండి త్రొక్కవచ్చును. ఒక పెడలు ఊడిన రెండవ దానితో ఎట్లో ఈడ్చవచ్చును. ఫోర్కు విరిగిన సైకిలు కేవలము మోత బరువు.

క్రిస్టోఫ్ సైకిలును భుజమునకెత్తుకొన్నాడు. ఊడిన చక్రమును చేతబట్టుకొన్నాడు. కొండ దిగసాగాడు. వెనుకబడియుండిన వారందరు ఒకరి తరువాత ఒకరు అతనిని దాటిపోవుచుండిరి. అడ్డదారులు పట్టుచు, కన్నీరు కార్చుచు అతడు నడచెనని అతని మాటలను బట్టియే తెలియుచున్నది. వీరుడు ఏడ్వరాదని మనలో కొందరి అభిప్రాయము. ఏడ్చుచునే నడచినవాడు గొప్పవాడా, ఏడ్వక కూర్చుండిపోయినవాడు గొప్పవాడా అని విద్యార్థులే యోచింపవలెను.

గ్రామము చేరిన తరువాత ఒక బాలిక అతనిని ఊరి ఆ చివరనున్న కమ్మరి వద్దకు తీసికొనిపోయినది. కమ్మరి మంచివాడు. తానే అతికి ఇచ్చెదనని ముందుకు వచ్చాడు. కాని పందెపు అధికారులు అప్పటికే వచ్చి గుమ్మము వద్ద నిలిచియున్నారు. కమ్మరి పనిముట్టు ముట్టిన నిబంధన భంగమగును. కనుక కమ్మరి నోటితో దారి చూపుచు చేతులు కట్టుకొని నిలువవలసివచ్చినది. తాళముల పనివాడైన క్రిస్టోఫ్, ఎన్నో ఏండ్ల తరువాత, ఒకరి కొలిమిలో ఒకరి సుత్తి పట్టుకొని పనికి ఉపక్రమించాడు.

కొలిమి పని ఎరిగినవారికి ఆ పని ఎంతటిదో తెలియును. విరిగిన ఉక్కును ఎర్రగా కాల్చిన వంచవచ్చునే కాని అతుకుటకు వీలుపడదు. అతుకు పడవలెనన్న అది తెలుపునకు దగ్గరగా కాగవలెను. వేడి చాలనిచో రెండు ముక్కలు కలియవు. మించినచో ఉక్కు మాడి పెళుసగును. ఆ వేడి నిలుచుటకు తిత్తి ఎడతెగక ఊదవలెను. వేడి నిలిచిన ఆ కొద్ది క్షణములలోనే దాగలిపై పెట్టి కొట్టవలెను. తరువాత ఆకురాయితో అరగదీసి, గొట్టము దాని స్థానములో వదులు లేకుండ కూర్చుండునట్లు చేయవలెను. కొలతలో ఏమాత్రము తప్పినను హ్యాండిలు తిరుగదు, లేదా చక్రము వంకరగా నడచును. మూడు వందల కిలోమీటర్ల ప్రయాణములో సగమునకు పైగా త్రొక్కి, పది కిలోమీటర్లకు పైగా నడచి, వణకుచున్న చేతులతో ఈ పని చేయవలెను.

పని సుమారు మూడు గంటలు సాగినది. ఆ మధ్యలో నిలుచుండి విసిగిన అధికారి ఒకడు ఆకలి అగుచున్నదని, భోజనము చేసి వచ్చెదనని అన్నాడట. క్రిస్టోఫ్ తల ఎత్తకుండనే, ఆకలైన ఆ బొగ్గులు తినవచ్చునని, తనను ఖైదీని చేసినవారు చివరివరకు కావలి కాయవలసినదేనని జవాబు చెప్పెనని అందురు.

ఈ కథలో మా మనస్సును ఎక్కువగా ఆకర్షించిన ఘట్టము ఇకముందు వచ్చును. ఒక చేత పట్టకారు, ఒక చేత సుత్తి పట్టినవానికి తిత్తి ఊదుటకు మూడవ చేయి లేదు. కొలిమి వద్ద ఏడేండ్ల బాలుడు ఒకడుండెను. అతడు తిత్తి లాగాడు. అంతే. ఆ బాలుడు ఉక్కును ముట్టలేదు, సుత్తి ఎత్తలేదు. గాలి మాత్రము ఊదాడు. అధికారులు దానిని వ్రాసికొన్నారు. పరుల సాయము పొందిన నేరమునకు క్రిస్టోఫ్‌నకు పది నిమిషముల జరిమానా విధించి, తరువాత మూడు నిమిషములకు తగ్గించారు. గంటలు పోగొట్టుకొన్నవానికి నిమిషములు ఒక లెక్క కాదు. అయినను ప్రజలు మరువక చెప్పుకొనునది పోయిన ఆ గంటలను కాదు, ఈ నిమిషములనే. అన్యాయము చిన్నదైనంత మాత్రమున మనస్సునకు తక్కువగా తగులదు.

క్రిస్టోఫ్ చక్రము బిగించి మరల సైకిలెక్కాడు. ముందు ఇంకను రెండు కనుమలు గలవు. తాను అతికిన ఫోర్కుపై, దాని బలము ఎంతయో తానే ఎరిగి, చీకటి పడుచున్న కొండదారులలో వాటిని ఎక్కి దిగాడు. లుషోన్ చేరుసరికి తీస్ కంటె 3 గంటల 50 నిమిషములు వెనుకబడియున్నాడు. కాని చేరాడు. ఆ సంవత్సరము 140 మంది బయలుదేరగా పారిస్ చేరినవారు 25 మంది. అందులో క్రిస్టోఫ్ ఏడవవాడు. గెలిచినవాడు తీస్. ఆ కొలిమిలో అతికిన అతుకు పట్టువదలలేదనుట మాత్రము చరిత్ర.

మరుసటి సంవత్సరము ఐరోపా ఖండమున మహాయుద్ధము మొదలైనది. పందెములు ఆగిపోయినవి. పూర్వము టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఫాబేర్, లాపీజ్, పెతీ బ్రెతోన్ అను మువ్వురును ఆ యుద్ధకాలములో మరణించారు. 1919లో పందెము తిరిగి జరిగినప్పుడు రోడ్లు ఫిరంగి గుంతలతో నిండియున్నవి. టైర్లు, బట్టలు దొరుకుట కష్టమైనది. 67 మంది బయలుదేరారు. పారిస్ చేరినవారు 11 మందే. క్రిస్టోఫ్‌నకు అప్పటికి 34 ఏండ్లు. ఆ వయస్సులో అతడు అందరికంటె ముందున్నాడు.

దాదాపు అందరును ఒకే రకపు బూడిదరంగు చొక్కాలు ధరించియుండుట వలన ముందున్నవాడెవ్వడో చూపరులకు తెలియకుండెను. అందుచేత అగ్రస్థానమున ఉన్నవానికి పసుపుపచ్చని చొక్కా ఇచ్చు పద్ధతిని దెగ్రాంజ్ ప్రవేశపెట్టాడు. నేడు ప్రపంచమంతట ప్రసిద్ధమైన ఆ పసుపు చొక్కాను గ్రెనోబుల్ నగరమున మొట్టమొదట ధరించినవాడు క్రిస్టోఫే. పసుపు పిట్ట వచ్చినదని దారి పొడవున జనులు వేళాకోళము చేయగా అతనికి చిరాకు కలిగెనట.

పందెము ముగియుటకు ముందటి ప్రయాణము మెట్స్ నుండి డంకర్క్ వరకు 468 కిలోమీటర్లు. అతనికి రెండవవానిపై సుమారు అరగంట ఆధిక్యము కలదు. ఉత్తర ఫ్రాన్సులోని వలాంసియెన్ సమీపమున, రాళ్ళు పరచిన రోడ్డుపై, మరల ఫోర్కు విరిగినది. ఆరేండ్ల క్రిందటి దుఃఖమే మరల ఎదురైనది. ఈసారి సమీపమున ఒక చిన్న సైకిళ్ళ కర్మాగారము ఉండుటయే భాగ్యము. అక్కడ కూడ అతడే, తన చేతులతోనే, ఒక గంటకు పైగా శ్రమించి బాగుచేసికొన్నాడు. ఆ రోజున మొత్తము రెండు గంటలకు పైగా నష్టపోయాడు. పసుపు చొక్కా బెల్జియము వాడైన ఫిర్మాఁ లాంబోకు పోయినది. క్రిస్టోఫ్ మూడవవాడైనాడు.

అప్పుడు ఫ్రాన్సు ప్రజలు ఒక మంచి పని చేశారు. లోతో పత్రిక ద్వారా అతనికై చందాలు పంపారు. కొన్ని ఫ్రాంకులు మాత్రమే ఇచ్చుకొనగలిగిన సామాన్యులు, వందలు పంపిన ధనికులు కూడ అందులో ఉన్నారు. దాతల పేర్లు అనేక పర్యాయములు పత్రికలో ప్రకటించవలసివచ్చినది. మొత్తము 13 వేల ఫ్రాంకులు దాటినది. యుద్ధముతో దరిద్రమైన దేశములో, ఓడిన ఒక పనివానికి ప్రజలు ఇచ్చిన పారితోషికము అది.

క్రిస్టోఫ్ అంతటితో ఆగలేదు. 1920లో పారిస్–తూర్ పందెమును, 1920, 1921 సంవత్సరములలో బోర్దో–పారిస్ పందెమును గెలిచాడు. 1922లో, 37 ఏండ్ల వయస్సున, టూర్ ద ఫ్రాన్స్‌లో మరల కొన్ని దినములు పసుపు చొక్కా ధరించాడు. ఆల్ప్స్ పర్వతములలో గలిబియే కనుమ దిగుచుండగా మూడవసారి ఫోర్కు విరిగినది! అయినను మానక ఎనిమిదవ స్థానమున పందెమును ముగించాడు. చివరిసారి 1925లో, నలువది ఏండ్ల వయస్సున, ఆ పందెమున పాల్గొన్నాడు. పెడలుపై పాదము జారకుండ పట్టి ఉంచు క్లిప్పులు, తోలు పట్టెలు అతని పేరిట తయారై చాలకాలము అనేక దేశములలో అమ్ముడుపోయినవి. అతని ముఖము చూడనివారు కూడ ఆ పేరును కాలిక్రింద ఉంచుకొని త్రొక్కారు. 1970 ఫిబ్రవరి 1వ తేదీన, 85 ఏండ్ల వయస్సున, అతడు మరణించాడు. సెంట్ మరీ ద కాంపాన్‌లో ఆ కొలిమి ఉండిన చోట అతని స్మృతిఫలకము కలదు. అదే గ్రామమున విరిగిన ఫోర్కును పైకెత్తి పట్టుకొనిన అతని విగ్రహమును 2014లో నెలకొల్పారు. గెలుపు కప్పును ఎత్తిపట్టుకొన్న విగ్రహములను మనము చూచియున్నాము; విరిగిన ముక్కను ఎత్తిపట్టుకొన్న విగ్రహములు అరుదు.

ఈ జీవితము వలన మనము గ్రహింపవలసినదేమి? చేతిపని నేర్చినవాడు ఎన్నడును నిస్సహాయుడు కాడనుట మొదటిది. మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో తండ్రులు, అన్నలు వెల్డింగు పని, మోటారు పని, సైకిలు పని, కుట్టుపని చేయువారు. కళాశాలలో చేరిన తరువాత ఆ పనిని దాచుకొనుట, స్నేహితుల ముందు చెప్పుకొనుటకు సిగ్గుపడుట మేము ఎన్నోసార్లు గమనించాము. పట్టా చేతికి వచ్చిన తరువాత సుత్తి పట్టనక్కరలేదని వారి భావన. ఒకనాటి తాళముల పనివాడు దేశము మెచ్చిన క్రీడాకారుడైనాడు. కొండ నడుమ అతనిని నిలబెట్టినది మాత్రము కీర్తి కాదు, ఆ మొదటి పనియే.

తన పని తాను చేసికొనువాడు ఎంతవరకు చేయగలడో కూడ ఎరిగియుండవలెననుట రెండవది. క్రిస్టోఫ్ ఫోర్కును అతికినాడు; అతుకు ఎరిగినవాడు గనుక అతికినాడు. మేము బంపరును సరిచేశాము. చక్రపు వరుసను, స్టీరింగును మెకానిక్కు భాయికే వదిలిపెట్టాము. వంగిన రేకును తిన్నగా కొట్టుకొనుట ఎవరైనను నేర్వవచ్చును. కాని బరువు మోయు, దారి మళ్ళించు భాగము బీటలు వారినచో, తెలియనివాడు దానిని చల్లగా వంచి తిన్నచేసి రోడ్డెక్కుట తనకును ఇతరులకును అపాయకరము. ఒకసారి వంగిన ఉక్కు తిరిగి వంచినకొద్ది బలము కోల్పోవును. సైకిలు ఫోర్కు వంగిన విద్యార్థులు దానిని మోకాలికి ఆనించి లాగి, మరల కాలేజీకి త్రొక్కుకొనిరావలదని ఈ సందర్భమున మా హెచ్చరిక.

మూడవది, ముఖ్యమైనది, ఆ తిత్తి ఊదిన బాలుని చేయి. మనిషి ఒంటరిగా అన్నియు చేసికొనవలెనని దెగ్రాంజ్ శాసించాడు. ఆ శాసనమునకు క్రిస్టోఫ్ అంత విధేయుడు ఎవ్వడును లేడు. అయినను అతనికి సైతము మూడవ చేయి కావలసివచ్చినది. దారి చూపిన బాలిక, కొలిమి ఇచ్చిన కమ్మరి, అంతకుముందు ఎన్నడో పారిస్‌లో అతనికి ఆకురాయి పట్టుట నేర్పిన వృత్తి పెద్దలు కూడ ఆ అతుకులో భాగస్థులే. అధికారుల పుస్తకములో బాలుని సాయము ఒక్కటే నేరముగా వ్రాయబడినది. మిగిలినవారి సాయము వారి కంటికి కనబడలేదు. పదేండ్ల తరువాత, 1923లో, చెడిన భాగములను మార్చుకొనుటకు ఆ పందెమే అనుమతి ఇచ్చినది. నిబంధన తలవంచుటకు పదేండ్లు పట్టినది.

స్వయంకృషి అనగా ఎవరి సాయమును తీసికొనకుండుట కాదని, చేయవలసిన పనిని తానే తలకెత్తుకొని, అందిన చేయిని కృతజ్ఞతతో పట్టుకొనుట అని మేము భావించుచున్నాము. కళాశాల పాలక వర్గమువారికి కూడ ఇందు ఒక మనవి. మన విద్యాలయములో గ్రంథాలయము ప్రక్కన ఒక చిన్న పనిగది, అందులో ఒక వైసు, కొన్ని సుత్తులు, ఆకురాళ్ళు, స్పానర్లు ఉన్నచో, వారమునకు ఒక గంట ఊరిలోని అనుభవజ్ఞుడైన మెకానిక్కును పిలిచి విద్యార్థులకు నేర్పించినచో, పుస్తకములకు కలుగు నష్టమేమియు లేదు. ఆ మెకానిక్కును మనము ఆనాడు ఉపాధ్యాయుడని సంబోధింతుము గాక. అతని పాఠము వినుటకు మొదటి బెంచీలో మేమే కూర్చుందుము. ఎందుకనగా మా కారు బానెట్టు ఇప్పటికిని సరిగా మూతపడుటలేదు.